మొహంలో మధ్యతరగతి

సమాజంలో ఉన్నట్టే మొహంలోనూ మూడు వర్గాలున్నాయి. పైన నుదురు: నాలుగు గీతలు పడితే చాలు, బొటాక్స్ సూది పరిగెత్తుకొస్తుంది. కింద దవడ: గడ్డం పెంచో, చున్నీ చుట్టో పరువు కాపాడుకోవచ్చు. మధ్యలో, కింది రెప్ప నుంచి పెదవి మూల దాకా ఉన్నదే మధ్యతరగతి. నవ్వినా ఏడ్చినా బరువంతా దానిదే. నలభై దాటగానే అందరికంటే ముందు జారి బయటపడేదీ అదే.

దీనికి భూమ్యాకర్షణని తిట్టడం ఆనవాయితీ. పాపం, న్యూటన్‌కి అంత పాపం తెలీదు. చెంపలో కొవ్వు ఒకటే ముద్ద కాదు, గదులు గదులుగా ఉంటుంది. 2007లో రోరిక్, పెస్సా అనే అమెరికా వైద్యులు శవాల మొహాల్లోకి నీలిరంగు ఎక్కించి మరీ ఆ గోడలు చూపించారు. వయసుతో లోపలి గదుల్లో సరుకు తరుగుతుంది, పై గదిలోది కిందికి జారుతుంది, వాటికి పునాదిగా ఉన్న పైదవడ ఎముక కూడా అరిగి వెనక్కి తగ్గుతుంది. పునాది కుంగిన ఇంటికి పైన సున్నం కొట్టించడాన్నే మనం ఫేషియల్ అంటున్నాం.

ఇంత విషయం ఉన్నా జనం చూపు మాత్రం ముక్కు పక్కన పడ్డ గాడి మీదే. గాడి కనిపిస్తే పూడ్చాలి, అంతే. మున్సిపాలిటీ వాళ్లకి లేని చిత్తశుద్ధి! ఆ పూడ్చడానికి సూదితో ఎక్కించే జెల్ పేరు ఫిల్లర్. దాని సిరంజిలో సాధారణంగా ఉండేది 1 మిల్లీలీటరు, అంటే టీస్పూనులో ఐదో వంతు. దానికేం తెలుస్తుందని ఇంకోటి, ఇంకోటి ఎక్కిస్తూ పోతే పెళ్లి ఫొటోలో చెంపలకి బదులు రెండు పూర్ణం బూరెలు నవ్వుతాయి. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. కాబట్టి ధర అడిగే ముందు, హయాలురోనిక్ యాసిడ్ రకం ఫిల్లర్‌ని కరిగించే హయాలురోనిడేజ్ మందు బీరువాలో ఉందా అని అడగాలి. ‘అదేంటండీ?’ అని ఎదురు ప్రశ్న వస్తే చెప్పులు ఎక్కడ విప్పారో గుర్తుచేసుకోండి.

చర్మం కింద దారాలు దూర్చి చెంపని ఎత్తడం మరో ముచ్చట. పీడీవో దారం కొన్ని నెలల్లో కరిగిపోతుంది. పండక్కి కట్టిన మామిడి తోరణం లాంటిది, సంక్రాంతి అయ్యాక దాన్ని నిలదీయకూడదు.

ఇక అసలు ఆపరేషన్, జారిన చెంపని పైకి లేపే మిడ్‌ఫేస్ లిఫ్ట్. వెళ్లేముందు మంచం మీద వెల్లకిలా పడుకుని చేతి అద్దం పైకెత్తి చూసుకోండి. ఇంచుమించు ఆ మొహమే దక్కేది, అంతకు మించి ఆశిస్తే డాక్టరు కాదు, దేవుడు కావాలి. కణత దగ్గర జుట్టులోనో, నోట్లో పైచిగురు మీదో, కింది రెప్ప వెంట్రుకల కిందో కోసి, చెంపని ఎముక మీద నుంచి వదులు చేసి, పైకి లాగి, కణత కండరం మీది గట్టి పొరకి కుడతారు. ముఖ్యమైన పని కుట్టడం కాదు, చెంపని ఎముకకి కట్టేసిన లిగమెంట్లని విడిపించడం. మేకు పీకకుండా క్యాలెండర్ని పైకి లాగితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. లాగేది పైకి, చెవి వైపు కాదు. చెవి వైపు లాగిన మొహం జీవితాంతం బైకు మీద ఎదురుగాలిలో పోతున్నట్టుంటుంది. చర్మాన్ని మాత్రమే లాగితే పాత పైజామా ఎలాస్టిక్కులా మళ్లీ సాగుతుంది.

తేడా కొట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. రెప్ప కింద కోసినప్పుడు రెప్ప కిందికి లాగేసి కంటి తెల్లగుడ్డు బయటపడొచ్చు. అప్పుడు కళ్లు మండుతాయి, నీళ్లు కారతాయి. కింది రెప్పని వేళ్లతో ముందుకు లాగి వదిలితే టప్పున అతుక్కోవాలి. బద్ధకంగా వెనక్కి వెళ్తుంటే ముందు రెప్పకి బిగువు తేవాలి. లోపల రక్తం గడ్డకట్టేది ఎక్కువగా మొదటి ఇరవై నాలుగు గంటల్లో, ఎక్కువగా మగవాళ్లకి, బీపీ ఉన్నవాళ్లకి. సిగరెట్టు కనీసం నాలుగు వారాల ముందే మానాలి, లేకపోతే కోసిన చర్మం రక్తం అందక నల్లబడొచ్చు. ఆస్పిరిన్, చేపనూనె గుళికల సంగతి ముందే చెప్పాలి. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్లు సొంత పెత్తనంతో రక్తం పల్చబరిచే మాత్రలు ఆపితే చెంప లేస్తుంది గానీ మనిషి లేవడు. నరం నలిగితే కొన్నాళ్లు నవ్వు ఒకవైపే పూస్తుంది.

వాపు మొహం మధ్యలో నెలల తరబడి ఉంటుంది. వచ్చే నెల అమ్మాయి పెళ్లి పెట్టుకుని ఈ నెల కోయించుకుంటే, వియ్యాలవారు ‘అమ్మాయి తల్లికి ఏమైంది?’ అని పక్కకి పిలిచి అడుగుతారు.

ఖర్చు దగ్గర మధ్యతరగతి న్యాయం తు.చ. తప్పకుండా అమలవుతుంది. బీమా పాలసీ తిరగేస్తే ఎక్స్‌క్లూజన్ 08 అన్న కోడు కింద కాస్మెటిక్ సర్జరీకి పైసా రాదని ఉంటుంది. ప్రమాదంలో చెడిన మొహాన్నో, పుట్టుకతో ఉన్న లోపాన్నో సరిచేసే ఆపరేషన్‌కి జీఎస్టీ లేదు. పిల్లల ఫీజులు కట్టీ కట్టీ కుంగిన చెంపకి మాత్రం 18 శాతం. కుంగడం రోగం కాదు, విలాసం.

ఇన్నీ ఓర్చి, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పెద్ద డిగ్రీ ఉన్నవాళ్ల చేతే (పార్లర్ మేడ మీద వారాంతపు సర్టిఫికెట్ వాళ్ల చేత కాదు) చేయించుకుంటే, ఆర్నెల్ల తరవాత శుభకార్యంలో తోటికోడలు ఎగాదిగా చూసి, అంతా కుదిరిందనడానికి గుర్తుగా అడగాల్సిన మాట అడుగుతుంది:

‘ఏంటక్కా, జుట్టుకి రంగు మార్చావా?’