మెలిక పెట్టినవాళ్ల మాటే వినాలి

కొత్త యాప్ ఆలోచన చెప్పి మీటింగ్ గదిలోంచి బయటపడ్డ బృందం మొట్టమొదట వేసుకునే లెక్క, ఎంతమందికి నచ్చిందన్నదే. 'ఐడియా బాగుంది', 'మంచి సమయం చూసుకుని వస్తున్నారు', 'ఇంకో రెండు ఫీచర్లు కలిపితే తిరుగుండదు' లాంటి మాటలన్నీ నోట్స్‌లోకి ఎక్కుతాయి. చివరి కుర్చీలో ఉన్న మనిషి 'రోజూ ఇదంతా ఎవరు నింపుతారండీ?' అని అడిగింది మాత్రం ఎక్కదు. ఎక్కినా, పక్కనే 'ట్రైనింగ్' అని ఒక్క ముక్క రాసి ముగిస్తారు. నన్నడిగితే, ఆ గంటన్నరలో వాళ్లకు దక్కిన అసలైన సమాచారం ఆ ఒక్క ప్రశ్నే. దాన్ని అక్కడే వదిలేసి మెచ్చుకోళ్లన్నీ మోసుకెళ్లడం వల్లే ఎన్నో యాప్‌లు డెమోలో మెరిసి, వాడకంలో చతికిలబడుతున్నాయి.

మెచ్చుకుంటే ఎవరికీ పోయేదేమీ లేదు. అంత కష్టపడి స్లైడ్లు చేసుకొచ్చినవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడమెందుకని చాలామంది తలూపుతారు. గదిలో పై అధికారి ఉంటే ఆయన ముఖం చూసి తలూపుతారు. 'చూద్దాం', 'టచ్‌లో ఉండండి' అన్న మాటలకు అర్థమేమిటో చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. 'సోమవారం నుంచి మా విభాగంలో పెట్టి చూడండి, ఇద్దరు మనుషుల్ని ఇస్తాను' అన్నారా, అది మద్దతు. అంతకు తక్కువదేదైనా మర్యాద కిందే జమకట్టుకోవాలి.

ఫీచర్లు అడిగేవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లు అడిగినదాన్ని అడిగినట్టే చేసుకుపోతే యాప్ అతుకులబొంత అవుతుంది. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఒక మేనేజర్ 'దీన్ని ఎక్సెల్‌లోకి దించుకునే వీలుందా?' అంటే, బృందం వెంటనే ఎక్సెల్ బటన్ రాసుకుంటుంది. ఎందుకు కావాలి అని ఒక్కమాట అడిగితే తెలిసేది ఇంకోటి: మీ డాష్‌బోర్డులో కనిపించే అంకెల్ని ఆయన నమ్మడం లేదు, తన చేత్తో కూడి చూసుకుంటే తప్ప పైవాళ్లకు పంపే ధైర్యం లేదు. తీర్చాల్సింది ఆ అపనమ్మకం. బటన్ ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే అది అలాగే ఉండిపోతుంది.

ఇక మెలిక పెట్టేవాళ్ల దగ్గరికి వద్దాం. ఆస్పత్రి వార్డులో రోగుల బీపీ, జ్వరం, నాడి రీడింగులను బెడ్ పక్కనే ఫోన్‌లో ఎక్కించే యాప్ అనుకుందాం. ఏ నిమిషానికి ఎవరి పరిస్థితి ఎలా ఉందో తన గదిలోనే తెరమీద కనిపిస్తుందంటే సూపరింటెండెంట్‌కు నచ్చుతుంది. కాగితం ఖర్చు తగ్గుతుందంటే అకౌంట్స్ వాళ్లకు నచ్చుతుంది. అప్పుడు ఒక స్టాఫ్ నర్సు అడుగుతుంది: 'చేతికి గ్లవ్స్ ఉంటాయి కదా. ప్రతి బెడ్ దగ్గరా అవి తీసి, ఫోన్ ముట్టుకుని, మళ్లీ కొత్తవి వేసుకోవాలా?'

చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కానీ దాని వెంట వెళ్లి చూడండి. ప్రతిసారీ గ్లవ్స్ మార్చే తీరిక ఆమెకు లేదు. మార్చకుండా ఫోన్ ముట్టుకుంటే ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి ఇన్ఫెక్షన్ మోసినట్టే. అంచేత ఆమె చేసేది ఒకటే. రీడింగులు చీటీ మీద గీకిపెట్టుకుని, డ్యూటీ దిగేముందు అన్నీ ఒక్కసారే ఎక్కిస్తుంది. అంటే సూపరింటెండెంట్ తెరమీద 'ఇప్పటి' పరిస్థితిగా కనిపించేది కొన్ని గంటల కిందటిది. రీడింగ్ తీసిన వేళగా యాప్ రాసుకునేది ఎక్కించిన వేళను. కాగితమూ పోలేదు, చీటీ రూపంలో జేబులోకి మారిందంతే. పెద్దాయనకు దేన్ని చూపించి ఒప్పించారో ఆ హామీ మొత్తం ఆ నర్సు ప్రశ్నతో కూలిపోయింది. అదీ కోడ్ ఒక్క లైను రాయకముందే, పైసా ఖర్చు లేకుండా. ఇంతకన్నా మేలు చేసిపెట్టే సలహాదారు ఇంకెక్కడ దొరుకుతారు? అయినా ఆమెను 'మార్పును ఒప్పుకోని మనిషి' అన్న పెట్టెలో వేసి మూత పెడతారు.

ఆ పని చేస్తే ఏమవుతుందో లండన్ అంబులెన్స్ సర్వీసు 1992లోనే చూపించింది. అంతకుముందు అక్కడ కాల్ వస్తే కాగితం ఫారం మీద రాసి, చేతులు మార్చి, ఏ బండిని పంపాలో మనుషులే తేల్చేవారు. అక్టోబర్ 26న ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. దగ్గర్లో ఉన్న బండిని సాఫ్ట్‌వేరే వెతికి పంపుతుందన్నారు. అది సాగాలంటే ప్రతి బండీ ఎక్కడుందో, ఏం చేస్తోందో కంప్యూటర్‌కు దాదాపు తప్పు లేకుండా తెలియాలి. ఆ కబురు సిబ్బందే అందించాలి: బయల్దేరినప్పుడు, చేరుకున్నప్పుడు, ఆస్పత్రికి తెచ్చినప్పుడు, ఖాళీ అయినప్పుడు బండిలోని పరికరం మీద బటన్లు వరసగా నొక్కుతూ. గుండె ఆగిన మనిషిని స్ట్రెచర్ మీదికి ఎత్తుతున్నప్పుడు ఆ వరస ఎవరికి గుర్తుంటుంది? రేడియో అందని చోట్ల నొక్కిన బటన్ కూడా వృథాయే. తనకు కేటాయించిన బండి కాక పక్కదెక్కి వెళ్లినా కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఇవన్నీ ఏ డ్రైవర్‌ను కూర్చోబెట్టి అడిగినా చెప్పగలిగినవే. వాళ్ల మాట అందులోకి ఎక్కలేదు. ఒకే చోటికి రెండు బండ్లు వెళ్లడం, కొన్ని కాల్స్‌కు గంటలు గడిచినా ఏదీ వెళ్లకపోవడం మొదలైంది. మర్నాటికే సగం పని మళ్లీ పాత పద్ధతిలోకి వచ్చింది. ఆ వారంలోనే చీఫ్ ఎగ్జిక్యూటివ్ రాజీనామా చేశారు. నవంబర్ 4న సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. సిబ్బంది అది తమ సిస్టమ్ అనుకునేలా వాళ్లను కలుపుకోలేదని విచారణ నివేదిక 1993లో తేల్చింది. అదే సంస్థ తర్వాత నెమ్మదిగా, సిబ్బందిని పక్కన పెట్టుకుని కట్టిన సిస్టమ్ 1996లో వచ్చింది, నిలబడింది.

అడ్డుచెప్పినవాళ్లందరినీ వింటూ కూర్చుంటే కొత్తదేదీ పుట్టదు అనేవాళ్లున్నారు. 2008లో, ఇళ్లలోని గదుల్ని ప్రయాణికులకు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సైట్ వ్యవస్థాపకులు లక్షన్నర డాలర్ల కోసం ఏడుగురు ఇన్వెస్టర్లను కదిపితే ఐదుగురు కాదన్నారు, ఇద్దరు ఉలకలేదు పలకలేదు. నిజమే. కానీ ఆ ఇన్వెస్టర్లు ఎవరు? ఆ సైట్‌లో గది అద్దెకిచ్చేవాళ్లు కారు, దిగేవాళ్లూ కారు. వాళ్ల 'కాదు' ఒక అంచనా మాత్రమే. ఆ వ్యవస్థాపకులే తర్వాత న్యూయార్క్ వెళ్లి, గదులిచ్చేవాళ్ల ఇళ్లు చూసి, అసలు చిక్కు చీకటి ఫొటోల్లో ఉందని పట్టుకుని తామే ఫొటోలు తీశారు. అప్పుడు వ్యాపారం కదిలింది. జనాన్ని అడగక్కర్లేదనేవాళ్లకు ఆరాధ్యుడైన స్టీవ్ జాబ్స్ 2007లో ఐఫోన్ తెచ్చినప్పుడు బయటివాళ్ల యాప్‌లను రానివ్వలేదు, బ్రౌజర్లో నడిచేవి చాలన్నారు. డెవలపర్లు ఊరుకోలేదు, సొంతవాళ్లూ పోరారు. 2008 జులైలో సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరుచుకుంది. కాబట్టి వినాలా వద్దా అన్నది చర్చే కాదు. ఆ యాప్ వల్ల ఎవరి చేతికి పని పెరుగుతుందో వాళ్ల అభ్యంతరానికి ఎక్కువ బరువు, డబ్బు పెట్టేవాళ్ల అభిప్రాయానికి తక్కువ బరువు ఇవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా తలకిందులు.

ఇది యాప్‌లు తయారుచేసేవాళ్ల తెలివితేటలకు సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. ఇందులో ఉన్నది అధికారం. చెక్కు మీద సంతకం పెట్టేది ఒకరు, తెరమీద వేలు పెట్టేది ఇంకొకరు. మొదటివాళ్లకు గదిలో కుర్చీ ఉంటుంది, రెండోవాళ్లకు లాగిన్ మాత్రం ఇస్తారు. ఆ దూరం ఎంత క్రూరంగా మారగలదో బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపేవాళ్లు అనుభవించారు. 1999 నుంచి వాళ్లమీద రుద్దిన హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు లెక్కల్లో లేని లోటు చూపిస్తోందని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 'మీ ఒక్కరికే ఈ సమస్య' అన్న జవాబు విన్నామని ఒకరి తర్వాత ఒకరు వాంగ్మూలమిచ్చారు. కంప్యూటర్ అంకెను నమ్మి, మనిషి మాటను అబద్ధమన్నారు. 900 మందికి పైగా మనుషులకు దొంగలుగా శిక్ష పడింది. జైలుకెళ్లినవాళ్లున్నారు, ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు చెప్పడానికి 2019 డిసెంబర్ రావాల్సి వచ్చింది. శిక్షల్ని రద్దు చేస్తూ చట్టం 2024లో వచ్చింది. వాడేవాళ్ల మాటను ఫీడ్‌బ్యాక్ అన్న మెత్తటి పేరుతో పిలిచి, తీసుకోవడం తీసుకోకపోవడం మా ఇష్టం అనుకునే అలవాటు ముదిరితే చేరే చోటు ఇదే.

జర్మనీలో 1972 నాటి చట్టం ప్రకారం, ఉద్యోగుల నడవడినో పనితీరునో కనిపెట్టి ఉంచే సాంకేతిక పరికరాన్ని యాజమాన్యం తనంతట తాను తెచ్చిపెట్టడానికి వీల్లేదు. ఆ సంస్థలో ఉద్యోగులు ఎన్నుకున్న మండలి ఉంటే, దాని ఒప్పుకోలు కావాలి. అక్కడి సంస్థలేమీ మూతపడలేదు. ఆ హక్కు ఉన్నచోట నర్సు ప్రశ్న పక్కన 'ట్రైనింగ్' అని రాసి తప్పించుకోవడం కుదరదు, జవాబు చెప్పి తీరాలి.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పిచ్, అంటే ఆలోచన వినిపించే ఆ మీటింగ్, అయిన మర్నాడే నోట్స్ తీసి, ప్రతి మాట పక్కనా అది ఎవరన్నారో, ఈ యాప్ వస్తే వాళ్లకు పని పెరుగుతుందో తగ్గుతుందో రాయండి. పెరిగేవాళ్లు ఆ జాబితాలో అసలు లేరంటే పిచ్ ఇంకా పూర్తి కాలేదన్నమాట. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లండి, వాళ్లు పనిచేసే చోటే నిలబడి ఒక షిఫ్టంతా చూడండి. స్క్రీన్ మార్చాక, మొదట మెలిక పెట్టిన మనిషికే మొదట చూపించండి. సంస్థలు పెట్టుకోవాల్సిన నియమం కూడా ఒకటుంది: ఆ అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబిచ్చి, అడిగిన మనిషి 'ఇప్పుడు పని జరుగుతుంది' అనేవరకు బడ్జెట్ ఫైలు ముందుకు కదలకూడదు.