థీమ్ వేరు, సెట్టింగ్ వేరు

లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ని తయారుచేసేవాళ్లు థీమ్ (తెర మీది రంగులు, రూపం) మార్చుకునే స్వేచ్ఛ లాగేసుకున్నారని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 2022లో వచ్చిన గ్నోమ్ 42 నుంచి లిబ్‌అద్వైత (యాప్‌లకి బటన్లు, మెనూల రూపం ఇచ్చే గ్నోమ్ లైబ్రరీ) వాడే యాప్‌లు, ట్వీక్స్ అనే అదనపు సెట్టింగుల యాప్‌లో ఎంచుకున్న పాత థీమ్‌ను పట్టించుకోవు. కానీ హోమ్‌లో దాగి ఉండే .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, జీటీకే-4.0 అనే ఫోల్డర్ కింద, మనకి కావలసిన రంగులు రాసిన జీటీకే.సీఎస్ఎస్ ఫైలు పెడితే ఇప్పటికీ రంగులు మారతాయి.

చిక్కంతా అక్కడే. నేపథ్యానికి లేత రంగు ఇచ్చి అక్షరాల రంగు వదిలేశారనుకోండి, డార్క్ మోడ్‌కి మారగానే తెలుపు మీద తెలుపు. బటన్ మీద పేరు కనిపించదు, తిట్లు మాత్రం యాప్ రాసినవాళ్లకి! గ్నోమ్ 47లో ఇచ్చిన యాక్సెంట్ రంగుల్లాంటి (ముఖ్యమైన బటన్లు, ఎంచుకున్నవి ప్రత్యేకంగా కనిపించేలా చేసే రంగు), ముందే పరీక్షించిన ఎంపికలే మేలు.

విండోని మూసే, చిన్నది చేసే బటన్లను ఎడమవైపు పెట్టుకునే వీలుని ట్వీక్స్‌లో దాచడం మాత్రం తప్పే. దానివల్ల ఏ యాప్ లోపలి రంగులూ చెడవు.