గ్యాసేనండీ, ఇంకా ఏం అడుగుతారు?

గోదావరి డెల్టాలో కడుపునొప్పికి కారణం ఎప్పుడో తేలిపోయింది. గ్యాస్. రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ అరుగు మీద పెద్దమనిషిని కదిపినా ఇదే మాట. ఇంత ఏకాభిప్రాయం ఉన్న విషయం మీద డాక్టర్లు ఇంకా పావుగంట సేపు ప్రశ్నలడగడం మన మర్యాదకే భంగం. వాము నమిలించి, గోలీ సోడా పట్టించి, బొడ్డు జారిందేమోనని సరిచేయించి, ఊళ్ళో ఆర్ఎంపీ చేత సూది కూడా పొడిపించుకుని వచ్చిన మనిషిని పట్టుకుని "మొదట్నుంచి చెప్పండి" అంటే ఏమనుకోవాలి?

అదీ రోగినే చెప్పమంటారు! మన దగ్గర రోగి ఒక్కడే రాడు కదా. బావమరిది వస్తాడు, అత్తగారు వస్తారు, ఆటో తోలిన కుర్రాడు కూడా లోపలికొచ్చి నిలబడతాడు. "ఎప్పట్నుంచండీ?" అనగానే "దాళ్వా కోతలప్పట్నుంచీ ఉందండీ, ఆయ్" అని బావమరిది. "కాదండీ, మొన్న పెళ్ళిలో పనసపొట్టు కూర తిన్నాకే" అని అత్తగారు. డాక్టరుకి కోతలూ అక్కర్లేదట, కూరా అక్కర్లేదట. ఒక్క క్షణంలో పొడిచినట్టు వచ్చిందా, గంటగంటకీ పెరిగిందా అన్నది కావాలట. క్షణంలో వస్తే లోపల ఏదో పగిలిందో, చిల్లు పడిందో, మెలిపడిందో అని అనుమానం. మెల్లగా పెరిగితే వాపు కావచ్చని లెక్క.

తర్వాత "ఎక్కడ? ఒక్క వేలితో చూపించండి" అంటారు. రోగి అరచేతిని గుండెల దగ్గర్నుంచి పొత్తికడుపు దాకా వరదనీళ్ళు పారించినట్టు పారించి "ఇదంతానండీ" అంటాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా. "మొదట ఎక్కడుంది, ఇప్పుడెక్కడికి వచ్చింది?" అని మళ్ళీ మొదలు. అపెండిక్స్ నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలకి కుడివైపు కిందికి దిగుతుంది. పేగు నరాలకి చిరునామా సరిగా తెలీదు, బొడ్డు దగ్గరని ఉజ్జాయింపుగా చెబుతాయి. వాపు కడుపు లోపలి పొరని తాకాకే అసలు చోటు బయటపడుతుంది. కుడి తుంటి ఎముక మొన నుంచి బొడ్డుకి గీత గీస్తే, మొన వైపు నుంచి మూడో వంతు దగ్గర ఆ చోటు. 1889లో మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ చెప్పాడు. బావమరిదికి ఆయనంటే పడదు.

"నొప్పి ముందా, వాంతి ముందా?" ఇదొకటి. "రెండూ కలిసే వచ్చాయండీ" అనేది మన ఖాయమైన జవాబు. నొప్పి ముందు, వాంతి తర్వాత అయితే అపెండిక్స్ వైపు చూస్తారు. వాంతులూ విరేచనాలూ ముందొచ్చి తర్వాత నొప్పి అయితే తిండి తేడా మీదికి వెళ్తారు. ఇద్దర్నీ రాజీ చేయడంలో మనం దిట్టలం.

అన్నిట్లోకీ అన్యాయం రోడ్డు ప్రశ్న. "వచ్చేటప్పుడు గోతుల్లో ఆటో ఎగిరినప్పుడు నొప్పి పెరిగిందా?" 2012లో ఇంగ్లండ్‌లో స్పీడ్ బ్రేకర్ల మీద లెక్క చూశారు. అపెండిక్స్ తేలిన 34 మందిలో 33 మందికి నొప్పి పెరిగిందట. అపెండిక్స్ లేని చాలామందికీ పెరిగింది కాబట్టి, పెరగలేదంటేనే ఆ జవాబుకి విలువ ఎక్కువ. కానీ మన కాలవగట్టు రోడ్డు మీద కుదుపుకి కేకెయ్యనివాణ్ణి ఎక్కడ తెస్తాం?

చెయ్యి వేసే ముందు కూడా తతంగమే. మోకాళ్ళు మడిపించి, అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుని, ముందు చూసి, విని, అప్పుడు నొప్పి లేని మూల నుంచి మొదలుపెడతారు. కళ్ళు మాత్రం కడుపు మీద ఉండవు, రోగి మొహం మీద ఉంటాయి. బల్ల మీద కుదురుగా ఉండలేక దొర్లుతూ కేకలేసేవాడికి కిడ్నీలో రాయి కావచ్చు. కదిలితే చచ్చిపోతానన్నట్టు బిగుసుకుని, మాట్లాడకుండా పడుకున్నవాడి దగ్గరికే డాక్టరు ముందు పరిగెడతాడు. అరిచినవాడికి ముందు ఆకు వేయడం మన విస్తరి ధర్మం, అది ఆస్పత్రిలో చెల్లదు.

అత్తగారిని బయట కూర్చోమని కోడల్ని నెలసరి ఎప్పుడని అడగడం, మూత్రంతో గర్భపరీక్ష చేయించడం మహాపరాధం. గర్భం గర్భసంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి, అది పగిలితే ప్రాణం మీదికొస్తుందనేది వాళ్ళ వాదన. కడుపునొప్పన్న కుర్రాడి నిక్కరు విప్పి వృషణాలు చూడటం ఇంకా ఘోరం. మెలిపడితే సుమారు ఆరుగంటల్లో విప్పాలట, కుర్రాడేమో సిగ్గుపడి చెప్పడు. యాభై దాటిన షుగరు మావయ్యగారికి పైకడుపులో మంట, చెమటలంటే గుండెపోటేమోనని ఈసీజీ తీయిస్తారు. సోడాకి త్రేన్పు వచ్చి తేలికైందన్నా వినరు.

ఇక మందులు. "ఏమన్నా వాడుతున్నారా?" "ఏమీ లేదండీ." అంతలో అత్తగారి సంచిలోంచి డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళల షీటు జారిపడుతుంది. "అది ఈయన మోకాళ్ళకండీ, మందు కాదు. ఆర్నెల్లుగా రోజుకి రెండు, పరగడుపునే." డాక్టరు మొహం మారిపోతుంది. కడుపు నొక్కితే పలకలా గట్టిగా ఉంది. నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. ఎడమవైపు జీర్ణాశయంలో కాస్త గాలి ఎవరికైనా ఉంటుంది. కుడివైపు, కాలేయానికీ, దాని పైనుండే డయాఫ్రం అనే కండరపు పొరకీ మధ్య సన్నటి నల్లని నెలవంక ఉండకూడదు. ఉంది. ఆ బిళ్ళలకి లోపల పుండు పడి, అది చిల్లుపడి, లోపలి గాలి బయటికొచ్చింది.

"ఇదేంటండీ నల్లగా?"

"గ్యాసండీ. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

బావమరిది అత్తగారి వైపు తిరిగి, "నేను ముందే చెప్పలేదేటండీ?"