బోర్డు మీది తప్పు పిల్లల పరీక్షలోకి
అర్థమైతే చాలు, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌కు అంత పట్టింపు ఎందుకని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మా నల్లగొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కల నాలుగైదు పుస్తకాల షాపుల బోర్డుల మీద స్టేషనరీ (stationery) అనే ఇంగ్లీష్ మాటలో 'ఈ' (e) అక్షరం ఉండాల్సిన చోట 'ఏ' (a) ఉండటం (stationary) చూశాను, అలా రాస్తే పెన్నులు, కాగితాలు అని కాదు, కదలకుండా ఉన్నది అని అర్థం. రెండు మాటల మూలం మాత్రం ఒకటే, ఊరూరా తిరగకుండా ఒకేచోట అంగడి పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని పూర్వం స్టేషనర్ అనేవారు. మా పాప రోజూ స్కూలుకు పోతూ ఆ బోర్డు చూసి పరీక్షలో అలాగే రాసింది. మార్కు పోయింది. "బోర్డు మీద అట్లనే ఉంది కదా నాన్నా" అని ఏడిస్తే నాకు ఏం చెప్పాలో తోచలేదు. పెయింటర్‌ది తప్పు కాదు, ఆయన చీటీలో ఉన్నదే రాస్తాడు, ఆ చీటీ రాసిచ్చే ఓనర్ ఒక్కసారి డిక్షనరీ చూసుకోవాలి.