సవరణ: డెంప్‌స్టర్ హైవే ఏడాదంతా తెరిచి ఉండదు

కెనడా ఉత్తరాన ఉన్న డెంప్‌స్టర్ హైవే ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్తుందనీ, దాని మీద ఏడాదంతా రాకపోకలుంటాయనీ మొన్న రాశాను. రెండూ తప్పే.

1979లో తెరిచిన ఆ కంకర రోడ్డు ఇనువిక్ అనే ఊరి దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డునున్న టక్టోయక్టక్‌కు వెళ్లేది వేరే రోడ్డు, 2017 నవంబరులో మొదలైంది. అంతకుముందు ఆ ఊరికి బండి మీద వెళ్లాలంటే చలికాలపు మంచు దారే గతి.

రెండో తప్పు పెద్దది. దారిలో పీల్, మెకంజీ నదుల మీద వంతెనల్లేవు. వేసవిలో ఫెర్రీ ఎక్కాలి, శీతాకాలంలో గడ్డకట్టిన నది మీదుగానే బండ్లు వెళ్తాయి. నీళ్లు గడ్డకట్టేటప్పుడూ, మళ్లీ ఆ మంచు విరిగేటప్పుడూ రెండూ ఉండవు. కొన్ని వారాలపాటు దారి తెగిపోతుంది, సరుకులు విమానంలో రావాల్సిందే. అక్కడివాళ్ల బతుకుకు ఇంత ముఖ్యమైన సంగతిని వదిలేసినందుకు క్షమించండి.