పంది కణాలు ఇన్సులిన్ ఇస్తాయి సరే, వాటిని కాపాడటానికి వేసుకునే మందుల్ని మన కిడ్నీలు తట్టుకుంటాయా?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి పలాస దగ్గర మా అక్క వాళ్ల ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. మేనకోడలికి చిన్నప్పటి నుంచీ టైప్ 1 షుగర్. ఇన్సులిన్ సీసాలు పాడవకూడదని అక్క వాటిని మట్టి కుండలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, ఆరిపోయినప్పుడల్లా నీళ్లు చల్లుతూ కూర్చుంది. అందుకే పంది కణాలతో షుగర్‌కు చెక్ అంటూ వాట్సాప్‌లో ఏది వచ్చినా వెంటనే నాకు పంపిస్తుంది, "ఇది మన పాపకి పనికొస్తాదేట్రా?" అని.

పంది కణం ఇన్సులిన్ ఇస్తుందా అన్నది ఎప్పుడో తేలిపోయింది. పంది ఇన్సులిన్‌కీ మనదానికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా, 1980ల దాకా ఎంతోమంది పందుల, పశువుల ఇన్సులిన్ మీదే బతికారు. 1990ల మొదట్లో స్వీడన్‌లో కార్ల్ గ్రోత్ బృందం, కిడ్నీ మార్పిడి చేయించుకున్న పదిమంది షుగర్ రోగులకు పంది పిండాల ఐలెట్ కణాలు (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు) పెట్టింది. నలుగురి మూత్రంలో 200 నుంచి 400 రోజుల పాటు పంది సి-పెప్టైడ్, అంటే ఇన్సులిన్ తయారైనప్పుడు దాంతోపాటే వచ్చే ముక్క, కనిపించింది. అంటే కణాలు బతికాయి. ఇన్సులిన్ సూది మాత్రం ఎవరికీ తప్పలేదు.

అసలు చిక్కు మన రోగనిరోధక వ్యవస్థతో. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది, మనలో ఉండదు, దాన్ని పట్టుకునే యాంటీబాడీలు మాత్రం ముందే సిద్ధంగా ఉంటాయి. కాలేయానికి వెళ్లే సిరలోకి ఐలెట్లు ఎక్కించగానే వాటి చుట్టూ రక్తం గడ్డకట్టి, గంటల్లోనే చాలా కణాలు చచ్చిపోతాయి. మిగిలినవాటి మీద టి-కణాలు, అంటే పరాయి కణాల్ని వెతికి చంపే మన తెల్ల రక్తకణాలు, పడతాయి. ఆల్ఫా-గాల్ లేని పందుల్ని రెండు దశాబ్దాల కిందటే పుట్టించారు గానీ టి-కణాల గొడవ దాంతో తీరలేదు.

టి-కణాల్ని అణచడానికి టాక్రోలిమస్ లాంటి మందులు వాడాలి. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఇన్సులిన్ చేసే బీటా కణాలకూ చేటే. కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఇంటికొకరు అన్నట్టు డయాలసిస్‌కి తిరుగుతుంటే, సూది తప్పుతుందని పిల్లకి జీవితాంతం ఆ మందు మింగించమని నేను చెప్పలేను.

సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ గుళికల్లో కణాలు దాచే పద్ధతీ ఉంది, కానీ గుళిక చుట్టూ మచ్చకణజాలం పేరుకుంటే లోపల ఊపిరాడదు. నా ఆశంతా 2025లో స్వీడన్ నుంచి వచ్చిన ఫలితం మీద. జన్యువులు మార్చిన మానవ ఐలెట్లను ఒక రోగి ముంజేతి కండరంలో పెట్టారు, అణచివేత మందుల్లేకుండానే అవి బతికి ఇన్సులిన్ ఇచ్చాయి. పెట్టింది కొద్ది మోతాదే కాబట్టి ఆయన సూది ఆపలేదు. పంది కణాల్లోనూ ఇది కుదరాలి.

మొన్న అక్కకి ఫోన్లో ఇదంతా చెప్పి, పాపకి ఈసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చేయించారా అని అడిగాను.