మా బావ ప్రెట్జెల్ చేసిన రోజు

మా బావ ఉద్యోగం పేరుతో కొన్నేళ్లు స్టుట్‌గార్ట్‌లో ఉండి డాలస్ వచ్చాడు. వస్తూ అక్కణ్ణుంచి జర్మన్ భాష తెచ్చుకోలేదు, ప్రెట్జెల్ అనే, చేతులు కట్టుకున్నట్టు మెలి తిప్పి కాల్చే రొట్టె మీద బెంగ తెచ్చుకున్నాడు. అక్కడ పొద్దున్నే స్టేషన్లో, మధ్యకు కోసి వెన్న పూసిన ప్రెట్జెల్ కొనుక్కుని రైలెక్కేవాడట. డాలస్‌లో రైలే ఎక్కం, ఇక ప్రెట్జెల్ ఎక్కడిదంటుంది మా అక్క.

దొరకదని కాదు. ఏ మాల్‌కి వెళ్లినా వెన్నలో ముంచి, దాల్చినచెక్క పంచదార అద్ది ఇస్తారు. చదువు వంకతో వాళ్లింట్లో మకాం పెట్టిన నేను అవి లొట్టలేసుకుంటూ తింటుంటే బావ మొహం తిప్పుకుంటాడు. "మెలి తిప్పితే ప్రెట్జెల్ అయిపోతుందా? అలాగైతే జంతికా ప్రెట్జెలే!"

ఊరవతల ఒక జర్మన్ బేకరీ ఉందని ఎవరో చెప్పారు. శనివారం తెల్లారకముందే అందర్నీ లేపి కారెక్కించాడు. ఆ తొందరకీ కారణముంది. ప్రెట్జెల్ ఓవెన్లోంచి తీసిన కొన్ని గంటల్లోనే తినేయాలి. ఆలస్యమైతే పైనున్న ఉప్పురాళ్లు తేమ లాగి కరుగుతాయి, నిగనిగలాడే పైపొర మెత్తబడి ముడతలు పడుతుంది.

బేకరీలో వేడివేడిగా, గోధుమరంగులో మెరుస్తూ ఉన్నాయి. బావ ఒకటి చేతిలోకి తీసుకుని, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేతులు లావుగా ఉన్నాయి."

స్టుట్‌గార్ట్ ష్వాబియా ప్రాంతంలో ఉంది. ష్వాబియా ప్రెట్జెల్‌కి చేతులు, అంటే మెలిపడ్డ కొసలు, సన్నగా కరకరలాడతాయి, పొట్ట లావుగా మెత్తగా ఉంటుంది, ఆ పొట్ట మీద కత్తితో గాటు పెడతారు. మ్యూనిక్ ఉన్న బవేరియాలో చేతులూ లావే. గాటు పెట్టరు, ఓవెన్లో దానికదే ఎక్కడో పగులుతుంది. "ఇది బవేరియాది," అని బావ కింద పెట్టేశాడు. తెనాలి అల్లుడికి ష్వాబియా పౌరుషమేమిటో మాకు అర్థం కాలేదు. ఆయన వద్దన్నవన్నీ అక్కా నేనూ కారులోనే తినేశాం.

ఇక ఇంట్లోనే చేస్తానన్నాడు. ఆ రంగూ రుచీ పిండితో రావు. కాల్చబోయే ముందు మూడు నాలుగు శాతం కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో ముంచాలి. ఓవెన్ వేడికి ఆ ఘాటు చచ్చిపోతుంది కాబట్టి తినడానికి భయం లేదు. ఇళ్లలో చాలామంది వంటసోడాతో సరిపెట్టుకుంటారు. బావ సరిపెట్టుకునే మనిషే అయితే మాల్‌లోనే ఆగిపోయేవాళ్లం.

అప్పటికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. అల్లుడు కళ్లద్దాలూ, మోచేతుల దాకా గ్లవ్సూ తొడుక్కుని కాస్టిక్ సోడా డబ్బా తీయడం చూసి కంగారుపడింది.

"ఏమే, అల్లుడుగారు బాత్రూం కడుగుతారా? నేను కడగనూ?"

"కాదమ్మా, టిఫిన్‌కి," అంది అక్క.

అమ్మ మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడవలసిన సమయం అదే. ఎందుకంటే ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ సింకులో ఉన్నాయి. బావ చేతికి దొరికింది, పులుసు అందులో కాస్తేనే రుచని అమ్మ సూట్‌కేసులో తెచ్చుకున్న సత్తు గిన్నె, అదే అల్యూమినియం గిన్నె.

కాస్టిక్ సోడాకీ సత్తుకీ పడదు. సోడా సత్తును తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పైకి తంతుంది. వేడినీళ్లేమో, బుసబుసమని నురగ పొంగింది. బావ పొయ్యి కట్టేసి "కిటికీలు తీయండి!" అని అరిచాడు. నేను కిటికీ, అక్క తలుపు, అమ్మ జపమాల.

అంతా సద్దుమణిగాక చూస్తే గిన్నె నల్లబడి గుంటలు పడింది. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనే ఆచారం మా ఇంట్లో లేదు. అమ్మ చాలాసేపు గిన్నెను చూసి, అక్కవైపు తిరిగింది.

"పోనీలేవే, గిన్నెదేముంది. అల్లుడుగారి చేతులు ఎలా ఉన్నాయో చూడు ముందు."

అక్క తలెత్తకుండా గచ్చు తుడుస్తూనే చెప్పింది.

"సన్నగా బానే ఉన్నాయమ్మా. పొట్టే లావు. గాటొక్కటీ పెడితే సరిపోతుంది."